ధరలు కూలుతున్నప్పుడు క్రిప్టో కొనుగోళ్లు, అమ్మకాలు, మైనింగ్: ముందుగా వేసుకోవలసిన లెక్కలు

క్రిప్టో ధరలు పడిపోవడం కొత్త సంగతి కాదు. 2017 డిసెంబరులో దాదాపు 20 వేల డాలర్లకు చేరిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 3,200 డాలర్ల ప్రాంతానికి దిగింది. 2021 నవంబరులో 69 వేల డాలర్ల స్థాయిని చూసిన అదే నాణెం, సరిగ్గా ఏడాది తరువాత 16 వేల డాలర్ల కిందికి వెళ్లింది. 2025 అక్టోబరులో 1,26,000 డాలర్లు తాకిన కొద్ది రోజులకే, ఒకే రోజు వ్యవధిలో అప్పు తీసుకుని పెట్టిన 19 బిలియన్ డాలర్లకు పైబడిన పందేలు (పొజిషన్లు) లిక్విడేట్ అయ్యాయి, అంటే బలవంతంగా మూతపడ్డాయి. ఇలాంటి రోజుల్లో ధర ఎటు పోతుందో చెప్పేవారు మనకు కావలసినంత మంది దొరుకుతారు. ధర ఎటు పోయినా మన జేబులో చివరికి ఎంత మిగులుతుందో చెప్పేవారే తక్కువ. ఈ మార్గదర్శిని ఆ రెండో లెక్క గురించి. భారతదేశంలో ఉండి, రూపాయలతో కొని, రూపాయలలోకి అమ్ముకునే వారిని దృష్టిలో పెట్టుకుని రాశాను.

మొదట పన్ను, తరువాతే చార్టు

సాధారణంగా పన్ను సంగతి చివరి పేరాలో వస్తుంది. మన దేశంలో క్రిప్టో విషయంలో మాత్రం దానిని మొదటి పేరాలోనే చెప్పాలి, ఎందుకంటే అమ్మాలా, ఆగాలా అన్న నిర్ణయాన్నే అది మార్చివేస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో అమ్మకం మీద వచ్చిన లాభానికి 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం కట్టాలి. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ తగ్గించుకోవడానికి వీలు లేదు. ఒక లావాదేవీలో వచ్చిన నష్టాన్ని మరో లావాదేవీ లాభంలో సర్దుబాటు చేసుకోవడానికి గానీ, వచ్చే సంవత్సరానికి తీసుకువెళ్లడానికి గానీ చట్టం ఒప్పుకోదు. అంటే ఈ నెల ఒక కాయిన్‌లో 40 వేలు సంపాదించి, ఇంకో కాయిన్‌లో 40 వేలు పోగొట్టుకున్నవాడు తనకు లాభనష్టాలు లేవనుకుంటాడు, కానీ అతను 12,480 రూపాయల పన్ను బాకీ ఉంటాడు. గోరుచుట్టుపై రోకటి పోటు అన్నది ఇలాంటి సందర్భానికే పుట్టిన మాట.

దీనివల్ల కలిగే ఇంకొక పర్యవసానం చాలామంది గమనించరు. అమెరికా వీడియోలు చూసి, ధర పడినప్పుడు నష్టానికి అమ్మి వెంటనే తిరిగి కొంటే పన్ను కలిసివస్తుందని మన వాళ్లు కూడా చెబుతుంటారు. అక్కడ అది నిజమే. అమెరికాలో క్రిప్టోను ఆస్తిగా పరిగణిస్తారు కాబట్టి నష్టాన్ని ఇతర మూలధన లాభాలలో సర్దుకుని, మిగిలినదాంట్లో ఏడాదికి 3,000 డాలర్ల వరకు మామూలు ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. డాలస్‌లో ఉన్న తమ్ముడికి పనికొచ్చే ఆ సలహా హైదరాబాదులో ఉన్న అన్నను ముంచుతుంది.

ఎలాగంటే, లక్ష రూపాయలకు కొన్న నాణెం 60 వేలకు పడిందనుకుందాం. మీరు అమ్మకుండా ఉండి, అది మళ్లీ లక్షకు చేరాక అమ్మితే లాభం లేదు, పన్నూ లేదు, మీ లక్ష మీకు వస్తుంది. మధ్యలో 60 వేలకు అమ్మి, అదే ధరకు తిరిగి కొన్నారనుకోండి, ఇప్పుడు మీ కొనుగోలు ధర 60 వేలుగా మారిపోయింది. ధర లక్షకు చేరాక అమ్మితే కాగితం మీద 40 వేల లాభం కనిపిస్తుంది, దాని మీద 12,480 పన్ను పడుతుంది. ముందు పోయిన 40 వేలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మరి ధర ఇంకా పడుతుందన్న నమ్మకంతో 60 వేలకు అమ్మి, కింద కొందామనుకునేవారి సంగతి ఏమిటి? ధర చివరికి లక్షకే తిరిగి వస్తుందనుకుని లెక్క కడితే, వారు 50,787 రూపాయలకో అంతకంటే కిందో తిరిగి కొనగలిగితే తప్ప, ఊరకే కూర్చున్నవాడితో సమానం కాలేరు. అమ్మిన ధర నుంచి మరో 15 శాతానికి పైగా పడాలి, ఆ పడిన చోట మీరు మేలుకుని ఉండాలి, చేతిలో డబ్బు సిద్ధంగా ఉండాలి, ధైర్యమూ ఉండాలి. ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే వేదిక) రుసుము, దాని మీద జీఎస్టీ, టీడీఎస్ ఇందులో కలపలేదు. కాబట్టి అమ్మదలిస్తే, ఇక ఈ నాణెం నాకు వద్దు అన్న నిర్ణయంతో అమ్మండి. కిందికి వచ్చాక కొంటానన్న ఆలోచనతో అమ్మేవారు మాత్రం ఈ 15 శాతాన్ని ముందే కాగితం మీద రాసుకోవాలి.

టీడీఎస్ గురించి ఒక్క మాట. 2022 జూలై 1 నుంచి ప్రతి అమ్మకం విలువలో ఒక శాతం ముందే కోస్తారు, లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా అన్నది చూడరు. రిటర్ను వేసినప్పుడు ఆ మొత్తాన్ని లెక్కలో చూపుకోవచ్చు, ఎక్కువైతే తిరిగి వస్తుంది. కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. లక్ష రూపాయల పెట్టుబడిని నెలలో ఇరవైసార్లు తిప్పితే, ధర ఏమాత్రం కదలకపోయినా, దాదాపు 18 వేలు ఆదాయపు పన్ను శాఖ దగ్గరికి చేరి ఉంటాయి. ఒడిదుడుకుల మార్కెట్లో రోజువారీ ట్రేడింగ్ చేయవద్దని నేను చెప్పనక్కరలేదు, ఈ అంకే చెబుతుంది.

ఆర్డర్ పెట్టేటప్పుడు

ధరలు కూలే గంటల్లో తెర మీద కనిపించే ధర చివరిగా జరిగిన ఒక్క లావాదేవీ ధర మాత్రమే. మీరు అమ్మబోయే ధర అది కాదు. రూపాయల మార్కెట్లు డాలర్ మార్కెట్లతో పోలిస్తే చిన్నవి, అందులోనూ చిన్న కాయిన్ల ఆర్డర్ బుక్ (కొనేవారు, అమ్మేవారు ఇచ్చిన ధరల జాబితా) భయం పుట్టిన రోజున మరీ పలచబడుతుంది. ఒక ఉదాహరణ చూడండి. మీ దగ్గర 2,000 కాయిన్లు ఉన్నాయి, తెర మీద ధర 100 రూపాయలు. ఆర్డర్ బుక్ తెరిస్తే 100 దగ్గర కొనేవారు 300 కాయిన్లకే ఉన్నారు, 98 దగ్గర 500 కాయిన్లకు, ఆ తరువాత 95 దగ్గర 1,200 కాయిన్లకు ఉన్నారు. మీరు మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకు వెంటనే అమ్మేసే ఆర్డర్) నొక్కిన మరుక్షణం మూడు మెట్లూ దిగిపోయి చేతికి వచ్చేది 1,93,000. ఏడు వేలు ఎవరూ దొంగిలించలేదు, మీరే చూడకుండా దిగారు. ఇంతకన్నా తక్కువకు అమ్మనని చెప్పే లిమిట్ ఆర్డర్ పెట్టి, మొత్తాన్ని ముక్కలుగా విడదీసి అమ్మితే దీనిలో సగమైనా మిగులుతుంది.

స్టాప్‌లాస్ (ధర ఒక స్థాయికి పడగానే తానే అమ్మేసే ఆర్డర్) విషయంలో కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. స్టాప్ లిమిట్ ఆర్డర్‌లో మీరు రెండు ధరలు ఇస్తారు, ఒకటి ఆర్డర్ మేల్కొనే ధర, రెండోది అంతకన్నా తక్కువకు అమ్మనని చెప్పే ధర. రెండింటి మధ్య ఎడం మరీ తక్కువైతే, ధర ఒక్కసారిగా ఆ రెండింటినీ దాటి కిందికి దూకినప్పుడు మీ ఆర్డర్ అమ్ముడుపోకుండా అలాగే నిలిచిపోతుంది. స్టాప్ మార్కెట్ ఆర్డర్ అమ్ముడైతే పోతుంది గానీ, ఏ ధరకు పోతుందో హామీ లేదు. 2021 మే 19న 43 వేల డాలర్ల ప్రాంతంలో ఉన్న బిట్‌కాయిన్ గంటల వ్యవధిలో 30 వేల వరకు జారి, అదే రోజు మళ్లీ 35 వేలు దాటింది. ఆ రోజు స్టాప్ పెట్టుకున్నవారిలో ఎందరో అడుగున అమ్ముకుని, పైన చూస్తూ కూర్చున్నారు. నా వరకు, ఏళ్ల తరబడి ఉంచుకోవాలనుకున్న నాణేలకు స్టాప్ పెట్టను. స్వల్పకాలానికి కొన్న వాటికి మాత్రం, కొన్న నిమిషంలోనే పెడతాను.

కొనేవారికి చెప్పవలసింది తక్కువే. కొనుగోలుకు పన్ను లేదు కాబట్టి విడతలుగా కొనడంలో అమ్మకాలలో ఉన్న బాధ లేదు. ఉన్న మొత్తాన్ని ఎనిమిదో పదో భాగాలు చేసి, ధరను బట్టి కాకుండా తేదీని బట్టి కొనడం మేలు. ధరను బట్టి కొనేవారు మొదటి పది శాతం పతనంలోనే సగం డబ్బు ఖర్చు చేసి, అసలు పతనం వచ్చేసరికి చేతులు ముడుచుకుని ఉంటారు. ధర పడేకొద్దీ ఇంకా కొని సగటు ధర తగ్గించుకోవడం (యావరేజ్ చేయడం) బిట్‌కాయిన్ లాంటి వాటికి గతంలో ఫలించిందేమో గానీ, పేరు తెలియని చిన్న కాయిన్లలో చాలా వరకు పాత గరిష్ఠ ధరను మళ్లీ ఎన్నడూ చూడలేదు. 80 శాతం పడిన నాణెం పాత ధరకు రావాలంటే ఐదు రెట్లు కావాలన్న లెక్కను అటువంటి వాటి దగ్గర గుర్తుంచుకోవాలి.

ఫ్యూచర్స్ (రాబోయే ధర మీద ఒప్పందాలు), లీవరేజ్ (అప్పుతో పందెం పెంచడం) జోలికి పోవద్దన్నదే నా అభిప్రాయం. అయినా పోతామనేవారు కనీసం ఇది తెలుసుకోవాలి: పది రెట్ల లీవరేజ్‌తో కొన్నప్పుడు ధర పది శాతం పడేదాకా కూడా ఆగరు, నిర్వహణ మార్జిన్ (ఖాతాలో తప్పక ఉండవలసిన కనీస మొత్తం) పోను అంతకు కొంచెం ముందే పొజిషన్‌ను మూసివేస్తారు. ఒడిదుడుకుల వారంలో పది శాతం కదలిక మధ్యాహ్న భోజనం ముగించేలోపు జరిగిపోతుంది. క్రాస్ మార్జిన్ ఎంచుకుంటే ఆ ఒక్క పొజిషన్ ఖాతాలో ఉన్న మిగతా డబ్బును కూడా తినేస్తుంది, అందువల్ల నష్టాన్ని ఆ పొజిషన్‌కు పెట్టిన డబ్బుకే పరిమితం చేసే ఐసోలేటెడ్ మార్జిన్ తప్ప మరొకటి ఎంచుకోకండి.

నాణేలు ఎక్కడ ఉంచాలి

ధరలు పడిన కాలంలోనే సంస్థలు మునుగుతాయి. 2022లో మే నెలలో టెర్రా అనే క్రిప్టో వ్యవస్థ కూలింది, జూన్‌లో క్రిప్టో అప్పుల సంస్థ సెల్సియస్ ఉపసంహరణలు నిలిపివేసింది, నవంబరు 11న ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజ్ దివాలా పిటిషన్ వేసింది. మన దేశంలో 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్ మీద జరిగిన హ్యాకింగ్‌లో 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన నాణేలు పోయాయి. వెంటనే అమ్మే ఉద్దేశం లేని నాణేలను ఎక్స్ఛేంజ్‌లో ఉంచవద్దు. హార్డ్‌వేర్ వాలెట్‌కు (నాణేల తాళాన్ని మీ దగ్గరే ఉంచే చిన్న పరికరానికి) మార్చేటప్పుడు ముందు చిన్న మొత్తం పంపి, అది చేరిందని చూసుకున్నాకే మిగతాది పంపండి. పంపే నెట్‌వర్క్, అందుకునే నెట్‌వర్క్ ఒకటేనా అని రెండుసార్లు చూడండి. పరికరం పోయినా నాణేలను తిరిగి తెరవడానికి వాలెట్ ఇచ్చే 12 లేదా 24 పదాలను కాగితం మీద రాసి దాచాలి, ఫోన్‌లో ఫోటో తీయకూడదు. ఇవన్నీ మార్కెట్ ప్రశాంతంగా ఉన్నప్పుడే పూర్తి చేసుకోవాలి. గందరగోళం మొదలైన రాత్రి ఎక్స్ఛేంజ్ యాప్ తెరుచుకోకపోవచ్చు, తెరుచుకున్నా ఉపసంహరణ బటన్ పనిచేయకపోవచ్చు.

డాలర్‌తో ముడిపడిన స్టేబుల్‌కాయిన్‌లోకి మారితే క్షేమమని అనుకునేవారికి రెండు మాటలు. మొదటిది, మన చట్టం దృష్టిలో ఆ మార్పిడి కూడా అమ్మకమే, పన్ను, టీడీఎస్ రెండూ వర్తిస్తాయి. రెండోది, అవన్నీ ఒకేలాంటివి కావు. టెర్రా వారి యూఎస్‌టీ దాదాపు సున్నా దాకా వెళ్లింది. నిల్వలు సక్రమంగా ఉన్న యూఎస్‌డీసీ సైతం, 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు, అందులో 330 కోట్ల డాలర్ల నిల్వ ఇరుక్కున్నందున ఒక దశలో 90 సెంట్ల కిందికి దిగి, రెండు రోజుల్లో కోలుకుంది.

మైనింగ్: కరెంటు బిల్లుతో మొదలు

మైనింగ్ అంటే ప్రత్యేక యంత్రాలతో నిరంతరం లెక్కలు చేయించి, లావాదేవీలను నమోదు చేసే బ్లాకులు కట్టి, బదులుగా కొత్త నాణేలు పొందడం. ధర పడినప్పుడు యంత్రాలు చవకగా వస్తాయి, ఇప్పుడు కొని పెట్టుకుంటే ధర లేచాక పండగే అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఆలోచన తప్పు కాదు, మన ఇంటి మీటరుకు అది సరిపోదు, అంతే. లెక్క చూద్దాం.

2024 ఏప్రిల్‌లో జరిగిన హాల్వింగ్ (కొత్త నాణేల బహుమతి సగానికి తగ్గడం) తరువాత ఒక్కో బ్లాకుకు 3.125 బిట్‌కాయిన్లు కొత్తగా పుడుతున్నాయి. సగటున పది నిమిషాలకు ఒక బ్లాకు చొప్పున రోజుకు 144 బ్లాకులు, అంటే 450 బిట్‌కాయిన్లు. 2025లో ప్రపంచవ్యాప్తంగా పనిచేసే యంత్రాల మొత్తం శక్తి సెకనుకు ఒక జెట్టాహ్యాష్, అంటే 100 కోట్ల టెరాహ్యాష్‌ల స్థాయికి చేరింది (ఒక టెరాహ్యాష్ అంటే లక్ష కోట్ల లెక్క ప్రయత్నాలు). ఆంట్‌మైనర్ ఎస్‌21 అనే యంత్రం 200 టెరాహ్యాష్‌లు ఇస్తుంది. ఆ మొత్తంలో దాని వాటా 50 లక్షల్లో ఒక వంతు. రోజుకు వచ్చేది 0.00009 బిట్‌కాయిన్. బిట్‌కాయిన్ ధర 60 లక్షల రూపాయలనుకుంటే, లావాదేవీ రుసుములు, పూల్ (మైనర్లు కలిసి తవ్వే బృందం) కమిషన్ పక్కన పెట్టి, రోజుకు 540 రూపాయలు.

ఇప్పుడు ఖర్చు. ఆ యంత్రం 3,500 వాట్లు తీసుకుంటుంది, రోజుకు 84 యూనిట్లు, నెలకు 2,500 యూనిట్ల పైమాటే. తెలుగు రాష్ట్రాల్లో ఇంటి కనెక్షన్ అంత వాడితే పై శ్లాబులోకి వెళ్లి యూనిట్ దాదాపు పది రూపాయలు పడుతుంది. 840 రూపాయల కరెంటు కాల్చి 540 సంపాదించడం, కొండను తవ్వి ఎలుకను పట్టడం కన్నా అన్యాయం. యూనిట్ 6 రూపాయల 43 పైసలకు దొరికితేనే ఖర్చు, రాబడి సమానమవుతాయి. అక్కడితో ఆగలేదు. మైనింగ్‌కు పెట్టిన మౌలిక వసతుల ఖర్చును కొనుగోలు ధరగా పరిగణించబోమని కేంద్రం 2022 మార్చిలో పార్లమెంటులోనే చెప్పింది. తవ్విన నాణెం ఖరీదు సున్నా అనుకుని అమ్మినదంతా లాభంగా లెక్కిస్తే, 540 రూపాయల్లో 168 పన్నుకు పోయి, మిగిలిన దానితో కరెంటు కట్టాలంటే యూనిట్ 4 రూపాయల 42 పైసలకు మించకూడదు. ఇంటి కనెక్షన్ మీద వ్యాపార వినియోగం చేస్తే విద్యుత్ శాఖ జరిమానా వేరే. మీ దగ్గర ఏ యంత్రం ఉన్నా ఇదే లెక్కలో టెరాహ్యాష్‌లు, వాట్లు, నేటి ధర, నేటి నెట్‌వర్క్ హ్యాష్‌రేట్ మార్చి వేసుకోండి, ఐదు నిమిషాల పని.

పాత యంత్రాల సంగతి మరీ ఘోరం. ఎస్‌9 అనే పాత తరం యంత్రం 13.5 టెరాహ్యాష్‌లకు 1,320 వాట్లు తింటుంది. పై ధరల ప్రకారం రోజుకు 36 రూపాయలు సంపాదించి 317 రూపాయల కరెంటు కాలుస్తుంది. సెకండ్‌హ్యాండ్ ప్రకటనల్లో అంత చవకగా దొరకడానికి కారణం అదే. 2022 వేసవిలో ఖమ్మంలో మా బంధువొకరు ఇలాంటిదే కొని మేడ మీది గదిలో పెట్టారు. మెట్లు ఎక్కకముందే మిక్సీ ఆగకుండా తిరుగుతున్నట్లు చప్పుడు వినిపించింది. గదిలోకి వెళ్తే ఫ్యాన్ల ముందు నిలబడలేనంత వేడి. ఆయన ల్యాప్‌టాప్‌లో యంత్రం స్టేటస్ పేజీ తెరిచి చూపారు. ఆ యంత్రంలో మూడు హ్యాష్ బోర్డులు, ఒక్కోదానిలో 63 చిప్‌లు ఉంటాయి. పనిచేసే ప్రతి చిప్‌కు పేజీలో చిన్న సున్నా, చెడిపోయిన దానికి ఇంటూ గుర్తు కనిపిస్తుంది. మూడో బోర్డు వరుసలో సున్నాల మధ్య ఇంటూలు తలంబ్రాల్లా చల్లి ఉన్నాయి. అమ్మినవాడు ఆ పేజీ చూపించలేదు, ఈయన అడగలేదు. కాబట్టి పాత యంత్రం కొనేవారు డబ్బు చేతిలో పెట్టే ముందు, కనీసం ఒక గంట నడిపించి, ఆ పేజీని, బోర్డుల ఉష్ణోగ్రతను, పూల్‌లో నమోదవుతున్న హ్యాష్‌రేట్‌ను కళ్లతో చూడాలి. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఎస్‌19 తరం యంత్రాలు తమ పరిధి దాటినట్లే, మన మే నెల అందుకు పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం నాణెమైన ఈథర్‌ను తవ్వే దారి, ఆ నెట్‌వర్క్ మైనింగ్‌ను మానేసిన 2022 సెప్టెంబరు 15నాటి మార్పు (మెర్జ్)తో మూసుకుపోయింది, ఆ పేరుతో వచ్చే రిగ్గుల ప్రకటనలను పట్టించుకోకండి.

ఇంత చెప్పినా చవక కరెంటు ఉన్నవారికి పతన కాలం చెడ్డది కాదని ఒప్పుకోవాలి. బిట్‌కాయిన్ నెట్‌వర్క్ ప్రతి 2,016 బ్లాకులకు, అంటే సుమారు రెండు వారాలకోసారి, తన కాఠిన్యాన్ని (బ్లాకు దొరకడం ఎంత కష్టమన్న కొలతను) తానే సవరించుకుంటుంది. ధర పడి ఖరీదైన కరెంటు వాడేవారు యంత్రాలు ఆపేస్తే కాఠిన్యం తగ్గుతుంది, నిలబడినవారి వాటా పెరుగుతుంది. 2021లో చైనా మైనింగ్‌ను తరిమివేసినప్పుడు, జూలై 3న కాఠిన్యం ఒక్కసారిగా 28 శాతం దాకా తగ్గింది. మిగిలిన యంత్రాలకు అదే కరెంటుతో అంతకుముందుకన్నా దాదాపు 39 శాతం ఎక్కువ నాణేలు వచ్చాయి. అయితే సవరణకు ముందు కాలం కష్టంగా గడుస్తుంది. యంత్రాలు ఆగిపోవడంతో బ్లాకులు ఆలస్యమై ఆ రెండు వారాలు మూడు వారాలవుతాయి. చేతిలో ఒక నెల కరెంటు బిల్లు నగదుగా లేనివారు ఆ ఫలితం అందుకోకుండానే దుకాణం మూస్తారు. 2022 డిసెంబరులో అమెరికాలోని కోర్ సైంటిఫిక్ వంటి పెద్ద సంస్థే దివాలా రక్షణ కోరింది.

అసలు పెద్ద మైనర్లు ఎలా బతుకుతారో చూస్తే మన ఇంటి మైనింగ్ ఎందుకు నిలవదో అర్థమవుతుంది. టెక్సాస్‌లోని రయట్ సంస్థ 2023 ఆగస్టులో, గ్రిడ్ మీద ఒత్తిడి ఉన్న వేళల్లో తన యంత్రాలను ఆపినందుకు 3.17 కోట్ల డాలర్ల విద్యుత్ క్రెడిట్లు పొందింది. తవ్వకపోవడానికి డబ్బు తీసుకునేవాడితో, పై శ్లాబులో బిల్లు కట్టేవాడు పోటీ పడలేడు. విదేశంలో మీ పేరున యంత్రం నడిపిస్తామనే హోస్టింగ్ ఒప్పందాలు నిజమైనవి ఉన్నాయి, కానీ సంతకం చేసే ముందు కరెంటు ధర పెరిగితే ఎవరు భరించాలి, యంత్రాలు ఆపిన వేళల్లో వచ్చే క్రెడిట్ ఎవరిది, సంస్థ దివాలా తీస్తే యంత్రం మీద హక్కు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు తీసుకోండి. యంత్రం సీరియల్ నంబరు ఇవ్వలేని క్లౌడ్ మైనింగ్‌కు (ఎక్కడో ఉన్న యంత్రాల శక్తిని అద్దెకిస్తామనే పథకాలకు) దూరంగా ఉండండి.

ఇప్పటికే యంత్రం ఉన్నవారు రాబడి కరెంటు ఖర్చుకు తగ్గిన రోజున ఆపేయడమే సరి. యంత్రానికి పెట్టిన డబ్బు ఎలాగూ పోయింది, దాన్ని రాబట్టాలని రోజుకు 300 చొప్పున అదనంగా పోగొట్టుకోవడం ఎందుకు? ఆ బిల్లు డబ్బుతో నేరుగా బిట్‌కాయిన్ కొంటే యంత్రం తవ్వేదాని కంటే ఎక్కువే వస్తుంది. రాబడి అంచు మీద ఉంటే, యంత్రం వేగం తగ్గించి నడిపి చూడండి, టెరాహ్యాష్‌కు పడే కరెంటు చాలా వరకు తగ్గుతుంది.

ఖాతా, కాగితాలు

ఎక్స్ఛేంజ్ బయట వ్యక్తుల మధ్య జరిగే పీ2పీ అమ్మకాల్లో మీకు వచ్చిన రూపాయలు ఏదైనా మోసానికి సంబంధించినవైతే, పోలీసుల సూచన మేరకు మీ బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది, విడిపించుకోవడానికి నెలలు పడుతుంది. ధర పడిన వారాల్లో ఈ తొందరపాటు అమ్మకాలు పెరుగుతాయి. జీతం పడే ఖాతాను పీ2పీకి ఎప్పుడూ వాడకండి. ఎక్స్ఛేంజ్ ఎంచుకునేటప్పుడు కేంద్ర ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూలో నమోదైనదేనా అని చూడండి, 2023 మార్చి నుంచి ఈ సంస్థలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. పోయిన నాణేలు తిరిగి రాబడతామంటూ టెలిగ్రామ్‌లో పలకరించేవారు ఇల్లు కాలి ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగేవారే. మోసం జరిగితే వారికి ఇంకో రూపాయి ఇవ్వకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

రిటర్నులో క్రిప్టోకు ప్రత్యేకంగా వీడీఏ (వర్చువల్ డిజిటల్ ఆస్తుల) షెడ్యూలు ఉంది. ప్రతి అమ్మకానికీ కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, అమ్మిన ధర విడివిడిగా అడుగుతుంది. ఐటీఆర్ 1లో ఈ షెడ్యూలు లేదు, 2 లేదా 3 వేయాలి. కాబట్టి నెల తిరిగినప్పుడల్లా ఎక్స్ఛేంజ్ నుంచి ట్రేడ్ రిపోర్టు దింపుకుని వేరే చోట దాచుకోండి. ఎక్స్ఛేంజ్ మూతపడితే నాణేలతో పాటు మీరు ఎంతకు కొన్నారన్న రుజువు కూడా దానితోనే పోతుంది. మార్చి దాటాక, కోసిన టీడీఎస్ అంతా 26ఏఎస్ అనే పన్ను వివరాల పత్రంలో కనిపిస్తోందో లేదో మీ రిపోర్టుతో సరిచూసుకుని, తేడా ఉంటే రిటర్ను గడువుకు ముందే ఎక్స్ఛేంజ్‌కు రాయండి.